పాదరసము: శంషాబాదు బాట, శ్రీశైలము బాట



హైదరాబాదు నగరమునకు దక్షిణదిశను, శంషాబాదు దాపున, రాతిగుట్టల నడుమ పరచుకొనియున్న మెట్టభూములలో 2008వ సంవత్సరము మార్చి నెలలో అంతర్జాతీయ విమానాశ్రయము వెలసినది. ఈ విమానాశ్రయమునకు పడమట బెంగుళూరునకు పోవు రహదారియు, తూర్పున తుక్కుగూడ మీదుగా శ్రీశైలమునకు పోవు రహదారియు సాగుచున్నవి. ఆ తూర్పు బాటను పట్టి, కడ్తాలు, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి, నల్లమల అడవులలో ప్రవేశించిన బాటసారి తుదకు చేరుకొను శ్రీపర్వతము, అనగా ఆ శ్రీశైలమే, పాదరసమును సాక్షాత్తు శివతేజమని విశ్వసించి, దానిని గడ్డకట్టించుటయందును, దానిచే దేహమును సిద్ధము చేసికొనుటయందును జీవితములను ధారవోసిన సిద్ధులకు నిలయమని ప్రసిద్ధికెక్కినది. అదే పాదరసము ఈ విమానాశ్రయమున ప్రయాణికుని సామానులో ఉండరాని వస్తువుల పట్టికలో చేరియున్నది. ఒకచోట పూజ్యమైనది, ఇంకొకచోట నిషిద్ధమైనది. ఈ రెండింటికిని నడుమ వైరుధ్యమున్నదని పలువురు తలంచుదురు గాని, నాకు మాత్రము అట్లు తోచదు. ఈ ద్రవ్యమును చిరకాలము చేతబట్టి పరీక్షించినవారికి దానియెడ భక్తియు భయమును ఒక్కసారిగనే పుట్టినవనియు, మన పూర్వులు ఆ రెంటిని జంటగా పాటించిరనియు, మనము భక్తిని దాచుకొని భయమును దారిలో జారవిడిచితిమనియు నా అభిప్రాయము. ఈనాటి ప్రసంగమున ఆ సంగతిని మీకు విన్నవింతును.

మొదట విమానముల సంగతి. విమానముల దేహములు చాలవరకు అల్యూమినియము ప్రధానముగా గల మిశ్రలోహములతో నిర్మింపబడును. అల్యూమినియము స్వభావముచేత మిక్కిలి చురుకైన లోహమే యైనను, గాలి సోకినంతనే దాని ఉపరితలమున కంటికి కానరాని పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహమును కాపాడుచుండును. ఆ పొర ఎక్కడనైన గీచుకొనిపోయి, ఆ గీతమీద ఒక్క పాదరసబిందువు పడినచో, అది అల్యూమినియమును తనలో కరగించుకొని రసమిశ్రమగును. ఆ మిశ్రమముపై రక్షకమైన పొర నిలువనేరదు. కావున తేమగాలి తగిలినంతనే అల్యూమినియము తెల్లని పీచువలె పైకుబికి శిథిలమై రాలిపోవును. అల్యూమినియము పోయినను పాదరసము పోదు. విడుదలయై, క్రిందనున్న కొత్త లోహమును పట్టుకొని, మరల అదే పనికి పూనుకొనును. ఇందుచేతనే స్వల్పమైన పాదరసము సయితము తన పరిమాణమునకు మించిన నష్టమును కలిగింపగలదు. విమానపు నేలపలకల సందులలో జారిన బిందువును వెదకి పట్టుట ఎంత దుర్ఘటమో ఊహింపవచ్చును. విమానరవాణా నియమములలో పాదరసమునకు ఐక్యరాజ్యసమితి సంఖ్య 2809. దాని తరగతి ఎనిమిదవది, అనగా తాకినదానిని తినివేయు క్షయకారకద్రవ్యముల తరగతి. జ్వరము చూచుకొను చిన్న థర్మామీటరు ఒక్కటి మాత్రము, స్వంత ఉపయోగమునకై, దాని రక్షక తొడుగులో నుంచి, విమానసంస్థకు అప్పగించు సామానులో పెట్టుకొనుటకు ఆ నియమములలో అనుమతి కలదు. చేతిసంచిలో కాదు.

ఈ నిషేధమునకు మరియొక మినహాయింపు కూడ ఉన్నది. ప్రభుత్వ వాతావరణశాఖ ప్రతినిధి పాదరసపు భారమితిని, ద్రవము కారిపోని సంచిలో చుట్టి, గట్టి పెట్టెలో భద్రపరచి, విమానచోదకునికి ముందుగా తెలియజేసి, తన చేతనే కొనిపోవచ్చును. ఈ మినహాయింపు ఊరక పుట్టినది కాదు. 1643లో ఇటలీ దేశపు టారిచెల్లి గాజుగొట్టమున పాదరసమును నింపి, పాత్రలో తలక్రిందులుగా నిలిపినది మొదలు, మానవుడు గాలి బరువును తూచుటకు ఈ లోహమునే నమ్ముకొనినాడు. నీటితో ఆ పని చేయదలచినచో 10 మీటర్లకు పైబడిన గొట్టము కావలెను. పాదరసము నీటికంటె దాదాపు 13.6 రెట్లు బరువు గలది గనుక సముద్రతీరమున 76 సెంటీమీటర్ల ఎత్తుతోనే సరిపెట్టుకొనును. శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు దాదాపు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చట గాలి బరువు అంతమేర తగ్గుటచేత ఆ రసస్తంభము 71 సెంటీమీటర్ల దాపుననే నిలుచును. నేలమీది పీడనమును సరిగా తెలిసికొని తన మాపకమును దానికి సరిదిద్దుకొననిదే చోదకునికి తన ఎత్తు తెలియదు. నేడు ఆ కొలతను విద్యుత్ పరికరములు తీయుచున్నవి. ఐనను వైద్యుడు మన రక్తపు పోటును నేటికిని పాదరసపు మిల్లీమీటర్లలోనే చెప్పుచున్నాడు.

శంషాబాదు పేరు చెప్పునప్పుడు ఒక మహనీయుని స్మరింపకుండ ముందునకు పోజాలను. ఈ ప్రాంతము పూర్వము 'పైగా' అను సామంతవంశపు ప్రభువుల జాగీరులలో ఉండినది. ఊరికి వారి శంషుల్ ఉమ్రా బిరుదు మీదుగనే పేరు కలిగినదని పెద్దలందురు. ఆ వంశమున రెండవ శంషుల్ ఉమ్రాయైన ఫఖ్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్ది పూర్వార్ధమున హైదరాబాదులో శిలాముద్రణాలయమును నెలకొల్పి, పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసిన విద్యాభిమాని. యంత్రశాస్త్రము, ఖగోళము, జలములు, వాయువులు, కాంతి, విద్యుత్తు అను విషయములను గూర్చి ఆయన ప్రకటించిన ఆరు గ్రంథముల సంపుటమునకు 'సిత్తయే షంసియా' అని పేరు. గాలికి బరువున్నదన్న సత్యమును దేశభాషలో బోధింపవలెనని ఒక సామంతప్రభువు ఆనాడే తలపెట్టుట తక్కువ సంగతి కాదు.

ఇక పాదరసము మన నేలకు ఎట్లు వచ్చినదో చూతము. హిందూదేశమున చెప్పుకొనదగిన పాదరసపు గనులు లేవు. ఇది ఎర్రని ఇంగిలీకము రూపమున రాళ్లలో ఉండును. ఆ రాళ్లకు ప్రసిద్ధికెక్కిన గనులు స్పెయినులో అల్మదేన్ నందును, స్లొవేనియాలో ఇద్రియా నందును ఉండినవి. కావున మన సిద్ధులు శివుని వీర్యమని కొలిచిన ద్రవ్యము చాలవరకు ఓడలెక్కి సముద్రములు దాటి వచ్చినదే. 16వ శతాబ్ది ఆరంభమున పడమటి తీరమును వర్ణించిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తె బార్బోజా, విజయనగర రాజ్యమునకు దిగుమతియైన సరకులలో రాగి, పగడము, కుంకుమపువ్వు, పన్నీరులతోపాటు పాదరసమును, ఇంగిలీకమును పేర్కొన్నాడు. ఇనుము పాదరసమున కరగదు గనుక ఆధునిక వర్తకమున దీనిని ఇనుప కుప్పెలలో నింపి పంపుట ఆచారమైనది; ఒక్కొక్క కుప్పెకు 34.5 కిలోగ్రాముల చొప్పున లెక్కించుట నేటికిని కలదు. బార్బోజా కాలపు సముద్రవర్తకమే యూరపునుండి ఇంకొక దానిని కూడ మోసికొనివచ్చినది. 16వ శతాబ్దిలో భావమిశ్రుడు తన 'భావప్రకాశ'మున ఫిరంగిరోగమను పేరిట వర్ణించిన సవాయివ్యాధి అట్లు వచ్చినదే. దానికి ఆయన చెప్పిన మందులలో ముఖ్యమైనది రసకర్పూరము, అనగా పాదరసపు క్లోరైడు. రోగమును, దాని మందునకు మూలమైన ద్రవ్యమును ఒకే సముద్రము దరిజేర్చినది.

శ్రీశైలమునకును రసవాదమునకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. 7వ శతాబ్దిలో మన దేశమున సంచరించిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఒక కథ వ్రాసినాడు. శాతవాహన ప్రభువు ఆచార్య నాగార్జునుని కొరకు కొండను తొలిపించి విహారమును కట్టించుచుండగా బొక్కసము వట్టిపోయెను. అప్పుడు నాగార్జునుడు పెద్ద పెద్ద రాళ్లపై దివ్యౌషధమును చిలికి వాటిని బంగారముగా మార్చి ప్రభువు చింత తీర్చెను. ఇది చరిత్రయని నేను చెప్పబోవను. ఐనను కృష్ణాతీరపు నాగార్జునుని పేరు అంత దూరమునుండి వచ్చిన పరదేశి చెవికి రసవాదముతో ముడిపడి వినిపించినదనుట మాత్రము చారిత్రకమే. మాధ్యమిక దర్శనమును స్థాపించిన నాగార్జునుడు వేరు, రసతంత్రములు వ్రాసిన నాగార్జునుడు వేరని పండితులు కాలమునుబట్టి నిర్ణయించిరి. లోకము ఆ ఇరువురిని ఒక్కరిగనే కొలిచినది. 15వ శతాబ్దిలో గౌరన తన ద్విపదకావ్యమైన 'నవనాథచరిత్ర'లో, శ్రీశైలమును నిలువునా బంగారుకొండ గావింపబూనిన సిద్ధుని కథను చెప్పినాడు. ఆ యత్నమునకు దేవతలే అడ్డుపడవలసివచ్చెను. కొండయంతయు బంగారమైనచో బంగారమునకు విలువ యేమి యుండునన్న లోకజ్ఞానము ఆ కథలో నాకు వినవచ్చుచున్నది. నిత్యనాథసిద్ధుని 'రసరత్నాకర'ము మరింత విచిత్రమైనది. అందొక అధ్యాయమంతయు శ్రీపర్వత పరిసరములలోని గుహలు, మడుగులు, చెట్లు, రాళ్లు ఎచ్చట ఏ సిద్ధినిచ్చునో దారులతో సహా చెప్పుచుండును. పర్వతయాత్రికునికి మార్గదర్శినిగా వ్రాసినట్టి ఆ అధ్యాయమును చదివినప్పుడు, రచయిత ఈ అడవులలో స్వయముగా తిరిగినవాడేమో యని నాకు తోచును.

13వ శతాబ్ది చివర మన మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన వెనీసు వర్తకుడు మార్కో పోలో, గంధకమును పాదరసమును కలిపి నెలకు రెండుమారులు త్రాగి దీర్ఘాయువులగు యోగులను గూర్చి ఆశ్చర్యముతో చెప్పియున్నాడు. విన్నవాడు ఆశ్చర్యపడుటలో వింత లేదు. కాని ఆ యోగులు ఏమి చేసి త్రాగుచుండిరో వివరింపనిదే ఆ మాట ప్రమాదకరమైనది. ఆ వివరము తెలియక అనుకరించినవారు ఎందరు చెడిపోయిరో చెప్పువారు లేరు.

రసశాస్త్రగ్రంథములను తెరచి చూచినవారికి మొట్టమొదట కానవచ్చునది పాదరసస్తుతి కాదు, పాదరసదోషముల పట్టిక. నాగదోషము, వంగదోషము, మలము, వహ్ని, చాంచల్యము, విషము మొదలగునవి సహజముగా దీనిని ఆశ్రయించియుండుననియు, వాటిని పోగొట్టక సేవించినవానికి కుష్ఠము, దాహము, జాడ్యము, మరణము కలుగుననియు శాస్త్రకారులు హెచ్చరించిరి. నాగమనగా సీసము, వంగమనగా తగరము. సముద్రము దాటి వచ్చిన సరకులో వర్తకులు సీసమును తగరమును కలిపి బరువు పెంచుట ఎరిగినవారికి ఈ దోషముల పేర్లు పురాణములుగా గాక అంగడి అనుభవముగా కనిపించును. ఆ దోషములు తొలగుటకు చెప్పినవి అష్టసంస్కారములు: స్వేదనము, మర్దనము, మూర్ఛనము, ఉత్థాపనము, పాతనము, రోధనము, నియామనము, దీపనము. బంగారము చేయదలచినవారికి వీనికి తోడు మరి పది సంస్కారములున్నవి. వైద్యునకు ఈ యెనిమిదియే చాలును.

వీనిలో పాతనమనునది నేటి రసాయనశాస్త్రము డిస్టిలేషను అని చెప్పెడి, అనగా ఆవిరిగా మార్చి చల్లార్చి దింపెడి ప్రక్రియయే. ఇంగిలీకమునుండి పాదరసమును తీయువిధము నాకు మిక్కిలి ఇష్టమైనది. ఎర్రని ఇంగిలీకపు పొడిని నిమ్మరసముతో నూరి, ఆరబెట్టి, ఒక మట్టికుండలో నుంచి, దానిపై అదే కొలత గల వేరొక కుండను బోర్లించి, రెండింటి మూతులను మట్టి పూసిన గుడ్డతో ఊపిరి ఆడకుండ చుట్టుదురు. దీనికి డమరుయంత్రమని పేరు. క్రింద మంటపెట్టి, పైకుండపై తడిగుడ్డను మాటిమాటికి మార్చుచుండగా, ఇంగిలీకములోని గంధకము ఒకదారి పట్టును. పాదరసము ఆవిరియై పైకెగసి, చల్లని పైకుండ లోపలితట్టున సన్నని బిందువులుగా పేరుకొనును. చల్లారిన పిమ్మట ఆ లోపలిభాగమును గుడ్డతో తుడిచి పిండినచో స్వచ్ఛమైన రసము చేతికి వచ్చును. సీసము, తగరము ఆ వేడికి ఎగిరిపోవు లోహములు కావు గనుక అడుగుననే మిగిలిపోవును. రెండు కుండలు, గుడ్డ, మట్టి. ఇంతకు మించిన పరికరములు లేకుండ లోహమును ఈ స్వచ్ఛతకు తెచ్చినవారిని మంత్రగాండ్రని కొట్టివేయుట అజ్ఞానము. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్, 1896లో పాదరసపు నైట్రైటును కనుగొని ప్రపంచమును ఆకర్షించిన ఆ మహారసాయనజ్ఞుడు, తన 'హిందూ రసాయనచరిత్ర' రెండు సంపుటములను ఈ రసతంత్రముల ఆధారముగా వ్రాయుటకు పూనుకొనినాడు. 'రసార్ణవ'మును పరిష్కరించి ప్రకటించినాడు.

పాతనము చేసిన రసమును శుద్ధమైన గంధకముతో నల్లరాతి కల్వమున నూరుదురు. తళతళలాడు లోహమును, పసుపుపచ్చని పొడియు క్రమముగా ఒకదానినొకటి మ్రింగి, కాటుకవంటి నలుపు దాల్చును. అందుకే దానిని కజ్జలి యందురు. అది సిద్ధమైనదో కాదో తెలిసికొనుటకు వైద్యులు పాటించిన పరీక్ష నిర్దుష్టమైనది. రవ్వంత కజ్జలిని వ్రేలిపై నీటితో రుద్ది ఎండకు పెట్టి చూడవలెను. ఎచ్చటనైనను ఒక్క మెరుపు కానవచ్చినచో విడిపాదరసము మిగిలియున్నదని అర్థము, మరల నూరవలసినదే. వ్రేలిగీతలలో పొడి యిమిడిపోవలెననుట రెండవ పరీక్ష. గంటల కొలది, దినముల కొలది జరుగు ఈ మర్దనమున తొందరపడిన శిష్యుని గురువు క్షమింపడు. ఏలయన ఆ మెరుపే రోగి ప్రాణమును తీయునది.

కజ్జలిని మట్టిగుడ్డలు ఏడుపొరలు చుట్టిన గాజుకుప్పెలో నింపి, ఇసుక నిండిన పాత్రలో నిలిపి, మొదట మృదువుగా, పిదప మధ్యమముగా, తుదకు తీవ్రముగా మంటనిచ్చినచో రససిందూరము సిద్ధమగును. గంధకము పొగలై, కుప్పె మూతి వద్ద నీలిమంటయై, కొంతసేపటికి ఆరిపోవును. గొంతు పూడుకొనిపోకుండ ఎర్రగా కాల్చిన ఇనుపకమ్మిని దింపి తీయుచుండవలెను. అడుగుభాగము ఉదయసూర్యబింబమువలె ఎర్రగా కనిపించినప్పుడు మూతి బిగించి, దింపి, చల్లార్చి, కుప్పెను పగులగొట్టగా, గొంతుభాగమున ఎర్రని స్ఫటికములు పేరుకొనియుండును. దీనికి బంగారమును కూడ చేర్చి చేసినది మకరధ్వజము. ఇచ్చట నన్ను ఆకర్షించునది ఒక్కటి: ఈ ఎర్రని సిందూరము రసాయనశాస్త్రరీత్యా మొదట మనము పగులగొట్టిన ఇంగిలీకమే, పాదరస గంధకముల కలయికయే. గనిలోని మాలిన్యముతో కూడిన రాతిని విడదీసి, రెండు భాగములను వేర్వేరుగా శుద్ధిచేసి, మరల వైద్యుని చేతిమీదుగా కలిపినారు. తయారైన దానిలో ఏమున్నదో, ఎంత ఉన్నదో వారికి తెలియును. రాయి ఇచ్చినదానిని ఇచ్చినట్లే రోగి నోట వేయుటకు ఇష్టపడని ఆ నిష్ఠ నా దృష్టిలో శాస్త్రమనదగినది.

మన తెలుగు వైద్యులకు చేతిగ్రంథమైన బసవరాజు 'బసవరాజీయ'మునందును, ఇంద్రకంటి వల్లభాచార్యుని 'వైద్యచింతామణి'యందును ఈ రసయోగములు విరివిగా ఉన్నవి. హైదరాబాదులో డాక్టరు డి.వి. సుబ్బారెడ్డి కృషిచేత 1956లో ఉస్మానియా వైద్యకళాశాలయందు ఏర్పడిన వైద్యచరిత్ర విభాగము నేడు భారతీయ వైద్యవారసత్వ సంస్థయై గడ్డిఅన్నారమున ఉన్నది. ఇట్టి గ్రంథములను చరిత్రదృష్టితో పరిశీలింపదలచిన యువకులకు అది తీర్థక్షేత్రము.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. పాదరసపు గంధకమిశ్రమము నీట దాదాపు కరగనిది గనుక, పాదరసపు ఆవిరి కంటెను, క్లోరైడు లవణముల కంటెను శరీరమునకు తక్కువగా పట్టును. ఇంతమాత్రమున అది నిరపాయమని సిద్ధాంతీకరించుట న్యాయము కాదు. మూత్రపిండములయందును నాడులయందును ఈ లోహము పేరుకొనునని వైద్యులెల్లరు నెరిగినదే. గర్భిణులు, పసిపిల్లలు, మూత్రపిండముల జబ్బు గలవారు దీని దరిదాపులకు పోరాదు. కజ్జలి చేయుటకు దినములు పట్టునని గ్రంథములు చెప్పుచుండగా, పేరులేని పొట్లములలో అంగడికి వచ్చు రసమాత్రలను, ఎవరు నూరిరో, ఎంతసేపు నూరిరో ఎరుగక మ్రింగువారిని చూచినప్పుడు, పూర్వుల భక్తిని మాత్రము వారసత్వముగా పుచ్చుకొని, పూర్వుల భయమును వదలుకొన్నామని నాకు బాధ కలుగును. పాదరసలింగముల సంగతియు ఇట్టిదే. పాదరసము సున్నకు 39 డిగ్రీల దిగువను గాని తనంత తాను గడ్డకట్టదు. లింగముగా నిలిచినదనగా వెండియో తగరమో చేర్చిన మిశ్రలోహమన్న మాట. పూజామందిరమున నుంచుకొనువారు పూజించుకొనవచ్చును. దానిని పాలలో నానబెట్టి ఆ పాలను ఆరోగ్యమునకని త్రాగు అలవాటును మాత్రము ఎంత త్వరగా మానిన అంత మేలు.

వైద్యమునకు వెలుపల కూడ ఈ లోహము మన చేతిపనులలో చిరకాలము మెలగినది. దేవాలయముల కలశములకును వాహనములకును బంగారు మలాము చేయునప్పుడు, రాగిరేకును చింతపండుతో తోమి, పాదరసమును పూసి, దానిపై బంగారురేకును అంటించి, నిప్పులపై కాచుదురు. పాదరసము ఆవిరియై పోగా బంగారము రాగిని విడువక పట్టుకొనును. ఎండకు వానకు ఏండ్ల తరబడి నిలిచిన ఆ మెరుపునకు వెల చెల్లించినది దేవాలయపు బొక్కసమొకటే కాదు. మూతపడిన కొట్టములో ఆ ఆవిరిని పీల్చిన పనివాని ఊపిరితిత్తులును, వణకిన చేతులును కూడ చెల్లించినవి. స్వర్ణకారుల అంగళ్ల ముంగిటి దుమ్మును ఊడ్చి, కడిగి, పాదరసముతో కలిపి, అందలి బంగారపు రజనును పట్టుకొను వృత్తి కూడ నగరములలో ఉండినది. ఆ ముద్దను గుడ్డలో పిండి, మిగిలినదానిని కాల్చి, పసిడిని వేరుచేయుదురు. కాల్చునది తరచుగా వంట చేసికొను పొయ్యిమీదనే. 19వ శతాబ్ది మధ్యభాగము వరకు ప్రపంచమందంతటను అద్దములకు వెనుక పూసినది తగరము, పాదరసముల మిశ్రమమే. వెండిపూత వచ్చిన పిదపనే ఆ పనివారు ఊపిరి పీల్చుకొనిరి. చేర్యాల నకాశీ చిత్రకారులు తమ పటముల నేపథ్యమున దట్టించు ఎరుపునకు పూర్వము ఇంగిలీకమునే వాడుచుండిరి.

20వ శతాబ్ది ఈ లోహపు మరియొక ముఖమును చూపినది. జపానులోని మినమాత తీరమున ఒక రసాయన కర్మాగారము సముద్రమున విడిచిన వ్యర్థములలోని పాదరసము చేపల దేహములలో చేరి, ఆ చేపలను తిన్న జాలరి కుటుంబములను అంగవికలురను గావించినది. ఆ వ్యాధిని 1956లో గుర్తించిరి. మన పొరుగున కొడైకెనాల్ కొండపై థర్మామీటర్ల కర్మాగారమొకటి, పాదరసము కలిసిన గాజువ్యర్థముల వ్యవహారము బయటపడిన మీదట, 2001లో మూతపడినది. 2013లో జపానులో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమునకు మినమాత పేరే పెట్టిరి; అది 2017 ఆగస్టులో అమలులోనికి వచ్చినది, భారతదేశము 2018లో దానిని ఆమోదించినది. పాదరసపు థర్మామీటర్లు, రక్తపు పోటు పరికరములు క్రమముగా తొలగిపోవుటకు ఆ ఒప్పందమును ఒక కారణము.

మరల విమానాశ్రయమునకు సంబంధించిన ఒక సంగతి. బంగారముపై పాదరసమును పూసి, దానిని వెండివలె కనిపింపజేసి, సుంకము ఎగగొట్టజూచినవారు మన దేశపు విమానాశ్రయములలో కస్టమ్సు అధికారులకు పట్టుబడిన సందర్భములున్నవి. నీచలోహమును బంగారము చేయవలెనని సిద్ధులు ఏ ద్రవ్యమును పట్టుకొని తపించిరో, ఆ ద్రవ్యముతోనే నేటివారు బంగారమును నీచలోహముగా చూపుచున్నారు. పెట్టెలో పాదరసము పూసిన కడ్డీని దాచుకొని వచ్చువాడు తాను మోసగించునది సుంకపు అధికారిని మాత్రమేనని అనుకొనును. తనతో ప్రయాణము చేయువారి క్రిందనున్న అల్యూమినియపు పలకలను కూడ పణమునకు పెట్టుచున్నాడని ఎరుగడు.

చివరగా గృహస్థులకు పనికివచ్చు నాలుగు మాటలు. పాత థర్మామీటరు ఇంటిలో ఇంకను ఉన్నవారు అది పగిలినప్పుడు ఏమి చేయవలెనో తెలిసికొనియుండుట మంచిది. పిల్లలను ఆ గదినుండి పంపివేసి, కిటికీలు తెరువవలెను. చేతి ఉంగరములను, గాజులను తీసి పెట్టవలెను. బంగారమును తాకినంతనే పాదరసము దానిని పట్టుకొనును. చీపురుతో ఊడ్వరాదు, దుమ్ముపీల్చు యంత్రమును వాడరాదు. ఆ రెండును బిందువులను మరింత సన్నముగా చేసి గాలిలో కలుపును. గట్టి కాగితముతో బిందువులను ఒకచోటికి చేర్చి, మందుచుక్కల గొట్టముతో పీల్చి, కొద్దిగా నీరు పోసిన గాజుసీసాలో వేసి మూత బిగింపవలెను. కాలువలో పోయరాదు, చెత్తతో కలిపి కాల్చరాదు. ఆ సీసాను, పగిలిన గాజును, పాదరసపు వ్యర్థములను విడిగా స్వీకరించు ఆసుపత్రికో, పురపాలక సంఘపు కేంద్రమునకో అప్పగింపవలెను. నేల పగుళ్లలో చొరబడి చేతికి చిక్కనిదానిపై గంధకపు పొడిని చల్లి కొంతకాలము ఉంచి తీసివేసినచో, చాలభాగము కదలని నల్లని పొడిగా మారి, ఆవిరియగుట తగ్గును. పాదరసమునకును గంధకమునకును గల ఆ సంబంధమును మన వైద్యులు కల్వములో ఎప్పుడో కనిపెట్టియుండిరి. ఇక విమానమెక్కువారు జ్వరము చూచుకొనుటకు అంకెలు చూపు కొత్త పరికరమును కొనిపోవుట మేలు. అది చేతిసంచిలో ఉన్నను ఎవరును అభ్యంతరము చెప్పరు.